ఉదయగిరి రోడ్డు మీద మునుము

సైకిలు కోచింగ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేసి, "సార్, మీ ట్రైనింగ్ చార్ట్ ఒకసారి పంపిస్తారా?" అని అడుగుతుంటారు. చార్ట్ ఒకటి ఉంది. స్కేలు పెట్టి, రెండు రంగుల పెన్నులతో గీసింది. దాన్ని నమ్ముకుని నలుగురు ఆడపిల్లల కష్టాన్ని మట్టిపాలు చేయబోయాను. అందుకని చార్ట్ బదులు ఆ సంగతే రాస్తున్నాను. గెలిచిన సంగతే, కంగారుపడకండి. ఆ గెలుపులో నా తెలివి ఎంతో చదివాక మీకే తెలుస్తుంది.

నేను పుట్టింది ఉదయగిరిలో. వయసులో ఉండగా ఆరేళ్ళు సైకిలు పోటీల్లో తిరిగాను. రాష్ట్ర స్థాయిలో ఒక బంగారు పతకం వచ్చింది. దాని పుణ్యమా అని ఆత్మకూరు బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రేసు సైకిలు ముట్టుకోలేదు. రిటైరయ్యేదాకా బస్సుల కింద పడుకుని పైకి చూడటమే నా బతుకు. రిటైరైన నెలలోనే ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ విప్పి బిగించేశాను. రెండోసారి మొదలుపెట్టేసరికి మా ఆవిడ స్క్రూడ్రైవర్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

అట్లాంటి రోజుల్లో ఆత్మకూరులో ఒక బడి ఆటల టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. నలభై దాటని మనిషి, మాట సూటిగా ఉంటుంది.

"సార్, నాకు కబడ్డీ తెలుసు, ఖోఖో తెలుసు. సైకిలంటే మార్కెట్టుకు పొయ్యి రావడమే. మా బళ్ళో నలుగురు పిల్లలుండారు. కాళ్ళల్లో బలం ఉండాది, నేర్పించే దిక్కు లేదు. మీరు ఒకప్పుడు పెద్ద పోటీల్లో తొక్కినారంట గదా."

"ఒకప్పుడు గదా అమ్మా, ఇప్పుడేముండాది?" అన్నాను.

"ఒకప్పుడన్నా తొక్కినారు గదా. మాకు అది కూడా లేదు" అంది.

ఆమె చెప్పిన విషయం ఇది. ఆ ఏడు రాష్ట్ర పోటీల్లో బాలికల జట్టు రేసు గెలిచిన నలుగురికీ నగరంలోని క్రీడల హాస్టల్లో సీట్లు ఇస్తారు. చదువూ, సైకిలూ రెండూ అక్కడే. రెండో స్థానానికి పతకం ఇచ్చి పంపించేస్తారు. గెలిస్తేనే సీటు.

జట్టు రేసంటే తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. నలుగురు ఒకరి వెనక ఒకరు వరసగా తొక్కుతారు. ముందున్నవాళ్ళు గాలిని చీలుస్తుంటే వెనకవాళ్ళకు సుఖం. అందుకే వంతులేసుకుని ముందుకు వస్తుంటారు. గడియారం ఆపేది మూడో మనిషి గీత దాటినప్పుడు. నాలుగో మనిషి వచ్చినా రాకపోయినా జట్టు టైముకి నష్టం లేదు. ఈ నాలుగో మనిషి దగ్గరే నేను పప్పులో కాలేసింది.

మర్నాడు పోయి పిల్లల్ని చూశాను. ముగ్గురు అనంతసాగరం వైపు ఒకే ఊరి నుంచి రోజూ సైకిళ్ళ మీద బడికి వస్తారు, రైతుల పిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి మిగతా వాళ్ళకన్నా జానెడు ఎత్తు. పెడలు మీద కాలు వేస్తే సైకిలు మూలిగేది. మిగిలిన ఇద్దరూ అక్కచెల్లెళ్ళ బిడ్డలు, నిలకడగా తొక్కుతారు. నాలుగో పిల్ల వాళ్ళ నాన్నకు ఆత్మకూరు బజారులో అంగడి ఉంది. సన్నగా, చురుగ్గా ఉంటుంది, నోరు మూతపడదు. పట్టుదలకేం కొదవ లేదు గానీ కాలిబలం తక్కువ. నేను మనసులో అంగడి పిల్ల అని పేరు పెట్టుకున్నాను, ఇక్కడా అలాగే రాస్తాను.

అంగడి పిల్ల తండ్రిని ఒప్పించడానికి టీచరమ్మతోపాటు నేనూ పోయాను. ఆయన పప్పు తూకం వేస్తూనే మాట్లాడాడు.

"సార్, దాపరికం లేకుండా చెప్తుండా. సైకిలు తొక్కితే సీటొస్తాదంటే పంపిస్తా. రాకుంటే మాత్రం ఆ సైకిలు మాట మళ్ళీ మా ఇంట్లో ఎత్తకూడదు. పరీక్షలుండాయి, చదువుకోవాల."

"వస్తాది నాయనా, చూడు నువ్వు" అని ఆ పిల్ల లోపలి నుంచే అరిచింది.

నాతోపాటు తొక్కిన స్నేహితుడొకడు ఇప్పుడు పెద్ద ఊళ్ళో కోచ్. వాణ్ణి బతిమాలి నాలుగు పాత రేసు సైకిళ్ళు తెప్పించాను. వారం రోజులు వాటిని విప్పి బిగించాను. మా ఆవిడ స్క్రూడ్రైవర్ వెనక్కి ఇచ్చేసింది.

ఇక చార్ట్. ముప్పై ఏళ్ళకు పైగా డిపోలో డ్యూటీ చార్ట్ చూసుకుంటూ బతికినవాణ్ణి నేను. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడితే అక్కడ గొడవే. అదే బుద్ధితో నలుగురికీ ముందు వంతు సరిగ్గా ముప్పై సెకన్లు అని పెట్టాను. నేను వెనక మోపెడ్ మీద వస్తూ విజిల్ వేస్తే ముందున్న పిల్ల పక్కకు తప్పుకోవాలి. అందరికీ సమానం, ఎవరూ ఏమీ అనడానికి లేదు. నా న్యాయానికి నేనే మురిసిపోయాను.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి దారిలో పొద్దున్నే తొక్కించేవాణ్ణి. మొదటి పది కిలోమీటర్లు నలుగురూ ఒకే దారం మీద ఉన్నట్టు పోయేవాళ్ళు. ఇరవై దగ్గర పడేసరికి అంగడి పిల్ల ముందు వంతుకు వచ్చినప్పుడల్లా వేగం పడిపోయేది. ముప్పై సెకన్లు అయ్యేసరికి ఆమెలో ఊపిరి ఉండేది కాదు. వరస చివరికి పోయి అందుకోలేక తెగిపోయేది. రోజూ ఇదే తంతు.

ఒకరోజు నలుగురినీ కూర్చోబెట్టి నా నిర్ణయం చెప్పాను. "సగం దూరం దాకా ఈమెను బాగా వాడుకోండి. ఆ తర్వాత నేను పొడుగు విజిల్ వేస్తాను. అప్పుడు ఈమెను వదిలేసి ముగ్గురూ పొండి. మూడో మనిషి టైమే గదా లెక్క."

నోరు మూతపడని అంగడి పిల్ల తల వంచుకుని చేతి గ్లౌజు అంచు పీక్కుంటూ కూర్చుంది. పొడుగమ్మాయే నన్ను అడిగింది.

"సార్, మీరెప్పుడన్నా అట్టా ఎనకబడినారా?"

"లేదు" అన్నాను. అది అబద్ధం. ఎందుకు ఆడానో అప్పుడు నాకూ తెలియలేదు.

మర్నాటి నుంచి పొడుగు విజిల్ వేస్తే ముగ్గురూ పోకుండా నెమ్మదించేవాళ్ళు. తిట్టాను. వినలేదు. క్రమశిక్షణ లేదని టీచరమ్మ దగ్గర చిందులు తొక్కాను. ఆమె విని, "వాళ్ళు మిమ్మల్ని ధిక్కరిస్తుండారని కాదు సార్, వాళ్ళకు అది చేతకావడంలా" అంది. ఆ మాట నా చెవికి ఎక్కలేదు.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం నలుగురూ ప్రాక్టీసుకు రాలేదు. సోమశిల నీళ్ళు వదిలారు, కాలువ కింద ఎడగారు వరి నాట్లు, అంటే వేసవి పంట నాట్లు, పడుతున్నాయి, పిల్లలు నాట్లకు పోయారని తెలిసింది. అంగడి పిల్ల కూడా వాళ్ళతోనే ఉందట! నాకు ఒళ్ళు మండింది. షేర్ ఆటో ఎక్కి ఆ ఊరికి పోయాను. నలుగురినీ చెవులు పట్టుకుని లాక్కురావాలన్నంత కోపంతో మడి గట్టు ఎక్కాను.

పదిమంది ఆడవాళ్ళు వరసగా వంగి, నాటుకుంటూ వెనక్కి నడుస్తున్నారు. అట్లా బారుగా నాటే వరసను మునుము అంటారు. ఎవరి ముందు ఎంత వెడల్పు ఉంటే అంత వాళ్ళ వంతు. బారు మధ్యలో అంగడి పిల్ల మోకాళ్ళ దాకా బురదలో ఉంది. ఆమెకు అటు పొడుగమ్మాయి, ఇటు మిగతా ఇద్దరు. గట్టు మీద నారు కట్టలు అందిస్తూ ఒక ముసలామె ఉంది, పొడుగమ్మాయి అవ్వ.

"ఏందబ్బయా అట్టా నిలబడినావు? పిల్లల్ని తీసకపోను వచ్చినావా? ఈ మడి అయిపోనీ."

"పోటీ నెత్తి మీద పెట్టుకోని నాట్లకు వచ్చేదేంది అవ్వా? కాళ్ళు ఏమైపోవాల?"

"ఇన్నేళ్ళు నాటినా, నా కాళ్ళు యాడికీ పోలేదే" అంది అవ్వ.

చూస్తూ నిలబడ్డాను. అంగడి పిల్ల నాటడం నెమ్మది. ఆమె వెనకబడుతున్నట్టు అనిపించగానే పొడుగమ్మాయి చెయ్యి చాచి, ఆమె వంతులోవి రెండు కుదుళ్ళు తాను నాటేసింది. ఇటు పక్క అమ్మాయి ఇంకొకటి. ఎవరూ ఏమీ అనుకోలేదు, తలెత్తి చూసుకోలేదు కూడా. అంగడి పిల్ల వంతు సన్నబడింది, ఆమె మళ్ళీ బారులో కలిసింది. కాస్త కుదురుకోగానే ఆమే చెయ్యి చాచి తన వంతు తాను తీసుకుంది. బారు ఎక్కడా వంకర పోలేదు.

"ఆ పిల్లకు నాటను రాదు గదా అవ్వా, చివర్లో పెట్టకుండా మధ్యలో ఎందుకు పెట్టినారు?"

"చివర పెడితే ఎవురు చూసుకుంటారు? మధ్యలో అయితే అటొకరు, ఇటొకరు."

"ఆమె వంతు కూడా వీళ్ళే నాటతా ఉంటే కోపం రాదా?"

అవ్వ నన్ను తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "కోపమెందుకు? ఆమె కాడ మునుం ఆగితే అందరిదీ ఆగిపోతాది. రెండు కుదుళ్ళు ఎక్కువ నాటితే ఈళ్ళ సొమ్మేం పోయింది? అవతలి గట్టు కాడికి అందరం కలిసి పోవాల గదా."

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. నా ముప్పై సెకన్ల న్యాయం ఆ పిల్లను ఎట్లా నరికేస్తోందో కళ్ళ ముందు కనబడింది. ఆమెకు పది సెకన్ల బలం ఉంటే ముప్పై అడిగాను. పొడుగమ్మాయికి నిమిషం బలం ఉంటే ముప్పై దగ్గర ఆపేశాను. జట్టులో ఎవరికి ఎంత చేతనైతే అంత అని పెద్ద పెద్ద కోచ్‌లకు ఎప్పటి నుంచో తెలుసట, పుస్తకాల్లో కూడా ఉందట. నాకు మాత్రం మడి గట్టు మీద ఒక ముసలామె చెప్పాల్సి వచ్చింది.

మడి అయ్యాక నలుగురూ కాలువలో కాళ్ళు కడుక్కుని తిట్లు తినడానికి సిద్ధమై నా ముందు నిలబడ్డారు.

"ఎనకబడినారా అని మొన్న అడిగినావు గదా" అన్నాను పొడుగమ్మాయితో. "ఎనకబడినాను. మా జట్టులో నాలుగోవాణ్ణి నేనే. ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉండంగా నన్ను వదిలేసి పోయినారు. తప్పు పట్టే పని లేదు, పద్ధతే అది. నేను గీత దాటేసరికి ఫోటో కూడా తీసేసినారు. బంగారు పతకం వచ్చింది. ఆ ఫోటోలో ముగ్గురే ఉండారు."

మా ఆవిడకు కూడా చెప్పని మాట అది. అంగడి పిల్ల నా వైపే చూస్తూ, "అందుకేనా సార్ మళ్ళా రేసు సైకిలు ఎక్కలేదు?" అంది.

"డిపోలో తీరిక యాడుండాది?" అన్నాను. ఆ అబద్ధాన్ని నలుగురిలో ఒక్కరూ నమ్మలేదు.

మర్నాటి నుంచి విజిల్ జేబులోంచి తీయలేదు. ముందున్నవాళ్ళు ఊపిరి మిగిలి ఉండగానే పక్కకు తప్పుకోవాలి, అంతే నియమం. అంగడి పిల్ల ముందుకు వచ్చి ఐదు లెక్కపెట్టేలోపే తప్పుకునేది. పొడుగమ్మాయి నిమిషం పైగా లాగేది. వారం తిరక్కుండానే మా టైము రెండు నిమిషాలు తగ్గింది. విచిత్రమేమిటంటే, ఎవరూ తరమకపోయేసరికి అంగడి పిల్ల వంతు దానంతటదే పెరుగుతూ వచ్చింది. పది సెకన్లు, పదిహేను. ఒకసారి ఇరవై దాటితే వెనక నుంచి ముగ్గురూ కేకలేశారు.

రాష్ట్ర పోటీలు ఆ ఏడు మా జిల్లాకే వచ్చాయి. వాహనాల రద్దీ తక్కువని రోడ్డు రేసులు ఉదయగిరి దారిలో పెట్టారు. ఊరి బయట మొదలై ఆత్మకూరు వైపు పదిహేను కిలోమీటర్లు పోయి, మళ్ళీ ఉదయగిరికే రావాలి. ఆషాఢ మాసం. పడమటి గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. పోయేటప్పుడు గాలి వీపున తోస్తుంది, వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది.

మిగతా జట్ల వెనక కార్లు, కార్ల మీద విడి చక్రాలు. మా వెనక అనంతసాగరం షేర్ ఆటో. అధికారి ఒకాయన దాన్ని చూసి, "ఏందయ్యా ఇది?" అన్నాడు. "చక్రాలుండాయి, ఇంజనుండాది, ఇంకేం కావాల సార్?" అన్నాడు మా డ్రైవరు. టీచరమ్మ నిబంధనల పుస్తకం తెరిచి, వెనక వచ్చే వాహనం కారే అయి ఉండాలని ఎక్కడుందో చూపించమంది. ఆయనకు దొరకలేదు. జట్లను విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి వదులుతారు; చీటీలు తీస్తే మా జట్టు అందరికన్నా చివర బయలుదేరాలని వచ్చింది. అంటే మా పిల్లలు గీత దాటగానే గెలుపో ఓటమో తేలిపోతుంది.

నేను విడి చక్రం ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. పోయేటప్పుడు ఆటో వాళ్ళను అందుకోలేక ఆయాసపడింది. మలుపు దగ్గర చూస్తే అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న నగరం జట్టు కన్నా నాలుగు సెకన్లు మాత్రమే వెనకబడ్డాం. ఎదురుగాలిలోకి తిరిగాక మా పిల్లల పని మొదలైంది. పొడుగమ్మాయి తల దించుకుని లాగింది. తర్వాత ఒకరు, తర్వాత ఇంకొకరు, అంగడి పిల్ల ఇట్లా వచ్చి అట్లా తప్పుకోవడం. బారు తెగలేదు. నా ఒళ్ళో చక్రాన్ని నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో అరచేతిలో ఊచల అచ్చులు పడ్డాయి.

ఇంకో ఐదు కిలోమీటర్లు ఉందనగా పొడుగమ్మాయి వెనక టైరు టప్పున పేలింది. తుమ్మముల్లు. ఆమె పక్కకు ఆగింది. ముందు పోతున్న ముగ్గురూ వెనక్కి తిరిగి చూసి పెడళ్ళు ఆపేశారు.

నేను ఆటోలోంచి దూకాను. వదిలేసి పొండి అని అరవాలి. ముగ్గురున్నారు, మూడో మనిషి టైము వస్తుంది, పోతే గెలవచ్చు. అంతా తెలుసు. కానీ ఆ మాట నా గొంతులోంచి రాలేదు. నా వయసులో ఉన్న మా కోచ్ ఒకప్పుడు నా వెనక నుంచి అరిచిన మాట అదే.

అరిచింది పొడుగమ్మాయి. "నాకోసం చూడబాకండే! నా వంతు కూడా మీరే నాటండి! గట్టు దగ్గర పడింది, పొండి!"

అంగడి పిల్ల ఒక్క క్షణం ఆమెను చూసింది. తర్వాత చరచరా ముందుకు పోయి వరసకు తానే ముందు నిలబడింది. మిగతా ఇద్దరూ ఆమె వెనక చేరారు. ముగ్గురూ గాలిలోకి పోయారు.

బస్సు చక్రాలు విప్పినవాడికి సైకిలు చక్రం ఎంతసేపు? కానీ తొందరలో నట్టు జారిపోయింది. "సార్, నట్టు మీ కాలి కాడ పడుండాది" అంది పొడుగమ్మాయి. "నువ్వు మాట్లాడబాక" అన్నాను. చక్రం బిగించగానే సైకిలెక్కి పోయింది. అంత గాలిలో ఒంటరిగా తొక్కింది. మేము వెనకాలే పోయాం.

కాబట్టి నా బతుకులో అన్నిటికన్నా గొప్ప గెలుపును నేను కళ్ళారా చూడలేదు. చివరి ఐదు కిలోమీటర్లలో ఏం జరిగిందో ఆ ముగ్గురూ చెప్పగా విన్నదే. అంగడి పిల్ల మిగతా ఇద్దరితో సమానంగా వంతులు తీసుకుందట. ఎంతసేపు తొక్కావని అడిగితే, "లెక్కపెట్టలేదు సార్. ముందున్నామె భుజాలు ఊగితే అలిసిపోయిందని తెలుస్తాది గదా, అప్పుడు నేను పొయ్యినా" అంది. చివరి కిలోమీటరులో ఆమెకు కళ్ళు కనబడలేదట. ముందున్న చక్రం చప్పుడు విని తొక్కిందట.

మేము గీత దగ్గరికి చేరేసరికి జనం గోలలో ఏమీ వినబడలేదు. ముగ్గురూ రోడ్డు మీద వెల్లకిలా పడి ఉన్నారు. పొడుగమ్మాయి వస్తోందని ఎవరో అరవగానే ముగ్గురూ లేచారు. అంగడి పిల్లను ఇద్దరూ రెక్కలు పట్టి లేపారు. పొడుగమ్మాయి గీత దాటి ఎదురుగా ఉన్నవాళ్ళ మీద వాలిపోయింది. ఫోటో తీసేవాడు తొందరపడుతుంటే టీచరమ్మ అంతదాకా అతన్ని ఆపి ఉంచింది.

"ఎవురి టైము రాసుకున్నారు?" అంది పొడుగమ్మాయి, రొప్పుతూనే.

టీచరమ్మ అంగడి పిల్లను చూపించింది. "ఈమెదే. తొమ్మిది సెకన్లతో గెలిచినాం."

పొడుగమ్మాయి ఆ పిల్లను అమాంతం ఎత్తేసింది. నేను ఏడ్చాను. కళ్ళలో దుమ్ము పడిందని చెప్పలేదు, అబద్ధాలు చాలనుకున్నాను. అంతమంది ముందు, ఒళ్ళో పేలిన చక్రం పెట్టుకుని, ఆటో మెట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. సంతోషంతోనే.

జనంలోంచి అంగడి పిల్ల తండ్రి వచ్చాడు. అంగడి మూసి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడట, కూతురికి చెప్పకుండా. ఆమెను పలకరించడానికి ముందు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

"సార్, హాస్టలుకు ఏమేం తీసకపోవాల్నో ఒక చీటీ రాసియ్యండి. దుప్పటి మొదలుకోని అన్నీ రాయండి, ఏదీ మర్చిపోబాకండి."